మేనత్త పెట్టిన బంగారు పన్ను

"పీకించెయ్యడమే మేలంటున్నాను," అన్నాడు సెమీసీ నాలుగోసారి.

చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నప్పుడు మొదలైన మాట. నేలపొయ్యిలోంచి తీసిన పెండలం చల్లారిపోయింది. కొబ్బరిపాలలో ఉడికిన చామాకు పొట్లాలు సగం విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. మాట మాత్రం తెగలేదు.

"టాబ్లెట్లతో పోయేదానికి పీకడం ఎందుకండీ?" అంది లవీనియా.

"పోయిందా? పోయినట్టే పోయి మళ్ళీ వస్తోంది. ఒకసారి ఇక్కడ రూట్ కెనాల్ చేశారు. ఇంకోసారి ఆక్లండ్‌లో చేశారు. ఇప్పుడీ కొత్త డాక్టరు మూడోసారి చేస్తానంటున్నాడు. ఎవరు చేసినా ఊడేదే. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి."

వాళ్ళ కూతురు సియాలే నాలుక కొసతో పై చిగురు తడుముకుంది. ముందుపన్ను పైన పెసరగింజంత కురుపు. నెలకోసారి పొంగుతుంది, చితికి కాస్త చీము వదులుతుంది, అణిగిపోతుంది. నొప్పి పెద్దగా ఉండదు. ఉంటేనే బాగుండేదని ఆమెకి ఒక్కోసారి అనిపించేది. నొప్పి లేని రోగాన్ని ఇంట్లో ఎవరూ రోగం అనుకోరు.

ఆమె భయం వేరు. చర్చివారి ఆడపిల్లల బడిలో ఆమె బ్యాండు టీచరు. ఆమె ఊదే కార్నెట్ అనే ఇత్తడి బాకా మౌత్‌పీస్ ఆనేది సరిగ్గా ఆ పన్ను మీదే. పన్ను పోతే పెదవికి వెనక ఆసరా పోతుంది. ఆసరా పోతే పై స్వరాలు పలకవు. రెండు నెలల్లో చర్చి మహాసభ. దీవులన్నిటి నుంచి వచ్చిన జనం ముందు మొదటి కార్నెట్ ఒంటరిగా వాయించే ఘట్టం ఒకటుంది. ఏడేళ్ళుగా అది సియాలేది. పన్ను పోతే అది ఇంకొకరిదవుతుందని ఆమెకి తెలుసు. ఊదకుండా పక్కన నిలబడి వినడం తనవల్ల కాదనీ తెలుసు.

"పీకేదీ లేదు, తీసేదీ లేదు," అంది లెసియేలి.

ఆ ఇంట్లో సెమీసీ మాటకి తిరుగులేదు, అక్కగారు లేనప్పుడు. లెసియేలి అతనికి అక్క, సియాలేకి మేనత్త. అందరూ చాప మీద కూర్చుంటే ఆవిడ ఒక్కతే కుర్చీలో కూర్చుంటుంది. నోరు తెరిస్తే రెండు బంగారు పళ్ళు మెరుస్తాయి. సియాలేకి మొదటి కార్నెట్ దక్కిన ఏడాది, దెబ్బ తగిలి నల్లబడ్డ ఆమె ముందుపంటికి తన ఉంగరం కరిగించి బంగారు తొడుగు వేయించింది ఆవిడే.

"ఆ బంగారం మీద చెయ్యి వేసేవాడు ముందు నా దగ్గరికి రావాలి," అంది.

"అదే కదక్కా, బంగారం తీస్తేగానీ పన్ను నిలవదంటున్నాడట."

"అనడానికి వాడెవడు?"

లవీనియా నిట్టూర్చింది. "నా బాధ ఏమిటంటే వదినా, ఎదిగిన పిల్ల. ముందుపన్ను లేకపోతే రేపు ఏ కుర్రాడైనా కవా తాగే నెపంతో ఇంటికొచ్చినప్పుడు..."

అని నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైంది. సియాలే అన్నయ్య ఫెలేతీ తన పళ్ళెం తీసుకుని, ఎవరివంకా చూడకుండా వసారాలోకి వెళ్ళిపోయాడు.

అన్నాచెల్లెళ్ళు కలిసి ఉన్నచోట పెళ్ళిమాట, వలపుమాట ఎత్తకూడదు. ఎత్తితే అన్న అక్కడ ఉండడు. ఆడపిల్ల ఉన్న ఇంటికి మనసుపడ్డ కుర్రాడు కవా దుంప తీసుకుని వస్తాడు. దాన్ని దంచి నీళ్ళలో కలిపితే సన్నగా మత్తెక్కించే పానీయం అవుతుంది. పిల్లే గిన్నె ముందు కూర్చుని పోస్తుంది. ఆ సాయంత్రం అన్నదమ్ములు ఆ ఇంటి ఛాయల్లో కనిపించరు. ఇది అందరికీ తెలిసిందే. లవీనియాకీ తెలుసు. పన్ను గొడవలో మరిచిపోయిందంతే.

"చూశావా," అంది లెసియేలి మరదలితో. "ఒక్క పన్ను గురించి మాట్లాడుతూ వాడి తిండి చెడగొట్టావు. బుధవారం నేనే ఆస్పత్రికి వస్తాను. ఆ డాక్టరు ఎవరో చూస్తాను."

శుక్రవారం ఆ డాక్టరుతో జరిగింది సియాలే ఇంట్లో సగమే చెప్పింది.

*

డాక్టరు పేరు సితివేనీ. వవావు దీవి మనిషి. పక్క దేశంలోని సువాలో దంతవైద్యం చదివి, పట్నంలోని ఆస్పత్రికి వచ్చి మూడు నెలలైంది. తలుపు తగలకుండా వంగి నడిచేంత పొడుగు.

"ఈ తొడుగు ఎవరు పెట్టారు?" అని అడిగాడు, నోట్లో అద్దం పెట్టి.

"మా అత్త."

"ఆవిడ డెంటిస్టా?"

"కాదు. అత్త."

నర్సు గోడవైపు తిరిగి నవ్వుకుంది.

"నేనడిగింది చేసినవాళ్ళ గురించి."

"చేసినవాడి పేరు ఎవరికి గుర్తుంటుంది డాక్టర్ గారూ? పెట్టినవాళ్ళ పేరే గుర్తుంటుంది."

అతను ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించాడు. పంటి వేరు కొసన బొప్పాయి గింజంత నల్లటి మచ్చ. "ఇక్కడ ఎముక ఉండాలి. లేదు. కరిగిపోయింది."

"దేనివల్ల?"

"లోపలున్న బాక్టీరియా వల్ల. మామూలువైతే మొదటిసారికే చచ్చేవి. ఇవి మొండివి. తిండి లేకపోయినా నెలలు పడుకుంటాయి. మందు పోస్తే పంటి గోడల్లో వెంట్రుక పట్టని సొరంగాలుంటాయి, వాటిల్లోకి దూరతాయి. మనం తలుపు మూసి వెళ్ళాక మళ్ళీ లేస్తాయి."

"మరి టాబ్లెట్లు?"

"చచ్చిన పంటిలోకి రక్తం పోదు. రక్తం పోనిచోటికి మాత్ర ఎలా పోతుంది?" అని సన్నటి సూదిమొన తొడుగు అంచున పెట్టాడు. అది లోపలికి దిగింది. "చూశారా, కాగితం దూరేంత సందు. ఉమ్ముతోపాటు అవీ దిగుతున్నాయి. ఇది ఉండగా లోపల ఎంత కడిగినా చిల్లుపడవలో నీళ్ళు తోడటమే. ఆక్లండ్‌లో దీన్ని తియ్యాలని చెప్పలేదా?"

"లేదు," అంది సియాలే.

అబద్ధం. వాళ్ళు రెండుసార్లు చెప్పారు.

"ఇది అందానికి పనికొస్తుంది. పంటికి పనికిరాదు," అన్నాడతను.

సియాలే కుర్చీలోంచి లేచి కూర్చుంది. "ఇది అందానికి పెట్టింది కాదు, గౌరవానికి పెట్టింది. వవావు వాళ్ళకి ఆ తేడా తెలియదేమో."

"వవావు వాళ్ళకి గౌరవం బాగా తెలుసండీ. అందుకే నోట్లో చీముతో తిరగరు."

ఆమె సంచీ తీసుకుని వచ్చేసింది. బస్సులో తమ ఊరు కొలొవాయి దాకా ఆ మాటకి సరైన జవాబు వెతుక్కుంటూనే ఉంది.

*

బుధవారం లెసియేలి మర్యాదకి కట్టుకునే మంచి చాపని నడుముకి చుట్టుకుని, విసనకర్ర పట్టుకుని వచ్చింది. గదిలో ఉన్నవాటిలో ఎత్తైన ఆసనం పేషెంటు కుర్చీయే గనక అందులో కూర్చుంది. ఫెలేతీ వ్యాను దగ్గరే ఉండిపోయాడు. సితివేనీ ఒక్కమాట మాట్లాడకుండా తన స్టూలుని కిందికంటా దించుకుని, ఆవిడ మోకాళ్ళ కంటే తక్కువ ఎత్తులో కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి అలా ముడుచుకు కూర్చుంటే సియాలేకి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంది.

"ఏ ఊరు అబ్బాయ్?"

"లెయిమాతుఆ అండీ."

"వవావు. అనుకున్నాను. మాటలు పెద్దవని మా పిల్ల చెప్పింది. ఇంతకీ నా బంగారం చేసిన తప్పేమిటి?"

"బంగారం ఏ తప్పూ చెయ్యలేదండీ. నిజానికి పంటికి బంగారాన్ని మించిన తొడుగు లేదు. కొలత తప్పింది, అంతే."

లెసియేలి విసనకర్ర కాస్త నెమ్మదించింది. "మరి ఆక్లండ్‌లో అంత పెద్ద డాక్టరు చేసింది ఎందుకు నిలవలేదు?"

బల్ల మీద ఒక కాగితం ఉంది. దాని పైన ఆక్లండ్ అన్న అక్షరాలు సియాలేకి కనిపించాయి. అక్కడికి రాసి జవాబు తెప్పించుకున్నాడన్నమాట. అందులో ఏముంటుందో ఆమెకి తెలుసు. సితివేనీ ఆమెవైపు ఒక్కసారి చూశాడు. తర్వాత ఏదో సర్దుతున్నట్టు ఆ కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాడు.

"ఆయన చేసినంతవరకూ బాగానే చేశారండీ."

"చేసినంతవరకూ అంటే?"

అతను ఆ కాగితం మీద చెయ్యి పెట్టి ఉంచాడు.

"నేనే వద్దన్నాను అత్తా," అంది సియాలే. "తొడుగు తియ్యాలన్నారు. నీ బంగారమని ముట్టుకోనివ్వలేదు. వెనకనుంచి చిన్న చిల్లు పెట్టి చెయ్యమన్నాను. అంతవరకే చేశారు."

విసనకర్ర ఆగిపోయింది.

"ఈయనకీ అబద్ధం చెప్పాను. వాళ్ళేమీ చెప్పలేదన్నాను."

లెసియేలి చాలాసేపు మేనకోడలి నోటివంకే చూసింది. "పిచ్చిపిల్లా. నేను పెట్టింది నువ్వు తలెత్తుకు నవ్వాలని. నీ పన్ను తినడానికి కాదు." తర్వాత డాక్టరు వైపు తిరిగింది. గొంతు మళ్ళీ గట్టిపడింది. "తియ్యి. పొడి కూడా పోకుండా నా చేతిలో పెట్టు. పన్ను నిలిచాక ఆ బంగారమే మళ్ళీ పెట్టాలి. సరైన కొలతతో."

"నిలిస్తే తప్పకుండా పెడతామండీ."

"నిలవకపోతే?"

"ఆ మాట ముందు నేనే వచ్చి మీకు చెప్తాను."

ఆవిడకి ఆ జవాబు నచ్చింది. నచ్చినట్టు కనపడనివ్వలేదు.

వెళ్ళేటప్పుడు సియాలే గుమ్మంలో ఆగింది. "ఆ కాగితం ఎందుకు తిప్పేశారు?"

"మీ నోట్లో ఉన్న సంగతి మీ నోటితోనే రావాలి కదండీ," అన్నాడు.

*

తొడుగు తీసిన రోజు వాన. రేకుల కప్పు మీద ఎవరో బస్తాలకొద్దీ గులకరాళ్ళు గుమ్మరిస్తున్నట్టు వాన. వ్యానులో కూర్చునే వీలులేక ఫెలేతీ లోపలికొచ్చి, గది గుమ్మం పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

సితివేనీ తొడుగు మీద ఒక సన్నటి గీత కోశాడు. చిన్న మెలి పెట్టాడు. ఏడేళ్ళ బంగారం పుట్టుక్కున విచ్చుకుంది. దాన్ని గాజుగుడ్డలో చుట్టి నర్సుకిచ్చాడు. పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా సియాలే నోటిమీద రబ్బరు షీటు బిగించాడు. ఇక ఆమె మాట్లాడటానికి లేదు. పాత రూట్ కెనాల్లో నింపిన నారింజరంగు పదార్థం పోగులుపోగులుగా బయటికొచ్చింది. దానితో ఒక వాసన కూడా. ఆమె సిగ్గుతో కళ్ళు మూసుకుంది.

"సిగ్గుపడాల్సింది ఆ బాక్టీరియా. మీరు కాదు," అన్నాడతను.

ఆమె కళ్ళు తెరవలేదు గానీ భుజాలు సడలాయి.

కడుగుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ కడుగుతున్నాడు. పని పొడుగు, వాన పొడుగు. ఏమీ తోచక సియాలే కుడిచేతి మూడు వేళ్ళూ కుర్చీ చేతిమీద కదలడం మొదలుపెట్టాయి. కార్నెట్‌కి ఉండేవి మూడే మీటలు. పిల్లలు ఆ వారం సాధన చేస్తున్న పాట ఏదో ఆమెకి తెలియకుండానే వేళ్ళకి వచ్చేసింది.

సితివేనీ ఆ వేళ్ళవంక చూశాడు. మాస్కు కింద కూనిరాగం తీశాడు. సరిగ్గా అదే పాట.

"కాలేజీ బ్యాండులో నేను బారిటోన్ ఊదేవాణ్ణి లెండి," అన్నాడు. "కవా పోసే అమ్మాయి చేతివేళ్ళ మీద కట్టిన పాట కదూ? ఎవరికోసం వాయిస్తున్నారు? నాకోసమేనా?"

నర్సు చేతిలో పళ్ళెం గలగలమంది. ఫెలేతీ లేచాడు. టోపీ పెట్టుకుని, తలుపు నెమ్మదిగా మూసి, ఆ వానలోకి నడిచి వెళ్ళాడు. వ్యాను దాకా కూడా వెళ్ళలేదు. ఆవరణ మధ్యలో అటు తిరిగి నిలబడ్డాడు.

"పాపం, ఆ డ్రైవరు ఎందుకలా..." అన్నాడు సితివేనీ.

సియాలే గాలిలో రాస్తున్నట్టు చెయ్యి ఊపింది. నర్సు పెన్సిలు, కాగితం ఇచ్చింది. పెన్సిలు మొన విరిగేంత గట్టిగా రాసింది: "మా అన్నయ్య."

అది చదివిన మనిషి చెవులు ఎర్రబడటం ఆమె చూసింది. ముందు చెవులు, తర్వాత మెడ. ఇంకా నలభై నిమిషాల పని ఉంది. ఆ నలభై నిమిషాలూ అతను పంటివంక తప్ప ఎటూ చూడలేదు. చివర పంటిలో సున్నంలాంటి తెల్లటి మందు నింపి, పైన మూసి, తాత్కాలిక తొడుగు పెట్టాడు. "మూడు వారాలు. ఊదకూడదు," అన్నాడు నేలతో.

శనివారం అతను కొలొవాయిలో ఫెలేతీ వెళ్ళే కవా క్లబ్బు వెతుక్కుంటూ వచ్చాడట. చంకలో మంచి వవావు కవా దుంప. లవీనియాకి పక్కింటావిడ చెప్పింది, లవీనియా సియాలేకి చెప్పింది.

"ఏం మాట్లాడుకున్నారటమ్మా?"

"రగ్బీ. మూడు గంటలు."

"ఇంకేం మాట్లాడలేదా? క్షమించమని గానీ..."

"ఆ సంగతి ఎత్తితే మళ్ళీ తప్పే కదే. తడిసిన మనిషి దగ్గరికి దుంప పట్టుకొచ్చి కింద కూర్చున్నాడు. అర్థం కాకపోవడానికి మీ అన్నయ్య ఏమన్నా చిన్నపిల్లాడా?"

సియాలే బట్టలు మడతపెడుతోంది. అంతకుముందే మడతపెట్టిన చొక్కాని విప్పి మళ్ళీ మడతపెట్టింది.

*

మూడు వారాలైనా కురుపు పోలేదు.

సియాలే అద్దంలో చూసుకుని మంచం మీద కూలబడింది. మహాసభ అయిదు వారాల్లోకి వచ్చింది. బడిలో పిల్లలకి ఆమె నోటితో పాడి పాఠం చెబుతోంది. ఒకమ్మాయి అమాయకంగా, "టీచర్, ఈసారి మొదటి కార్నెట్ ఎవరికిస్తారు?" అని అడిగేసింది కూడా.

ఆదివారం భోజనాల వేళకి సితివేనీ వాళ్ళింటికి వచ్చాడు. ఇచ్చిన మాట ప్రకారం నేరుగా లెసియేలి ముందుకెళ్ళి, అందరికంటే కింది చాప మీద కూర్చున్నాడు. ఫెలేతీ కూడా అక్కడే ఉన్నాడు. అందుకని మాటలన్నీ పన్ను చుట్టూనే తిరిగాయి.

"ఇంకా నిలవలేదండీ," అన్నాడు.

"చెప్పానా," అన్నాడు సెమీసీ. "పీకెయ్ నాయనా. నీకూ శ్రమ, దానికీ శ్రమ."

"తప్పు నాదండీ. ఎక్స్‌రేలన్నీ సువాలో మా మేడంకి పంపించి అడిగాను. వేరుకి పక్కనుంచి ఇంకో సన్నదారి ఉందని ఆవిడ చూపించారు. నేను చూడలేదు. నేను కడిగిన ఇంటికి పెరటి తలుపు ఒకటుంది. అవి అందులో కూర్చున్నాయి."

వవావు వాళ్ళు తమ దీవిని గొప్ప వవావు అని తప్ప మామూలుగా పిలుచుకోరు. అలాంటి చోటు నుంచి వచ్చిన మనిషి, పరాయి ఇంట్లో, ఇంతమంది ముందు, నేను చూడలేదు అన్నాడు. సియాలే తలెత్తి అతన్ని చూసింది. ఇన్నాళ్ళూ ఒక పంతం కోసం తను నోరు మూసుకుంది. ఈయన పన్ను కోసం నోరు విప్పాడు. ఏది పెద్ద పరువో ఆమెకి ఆ క్షణంలో తేలిపోయింది. తేలినందుకు ఎందుకో గర్వంగా కూడా ఉంది, ఆయన తన సొంతమనిషి అయినట్టు.

"పీకడానికి అయిదు నిమిషాలు చాలు," అన్నాడతను సెమీసీతో. "ఎప్పుడైనా పీకొచ్చు. పీకినదాన్ని మళ్ళీ నాటడం మాత్రం ఎవరివల్లా కాదు. ఇంకో మూడు వారాలు ఇవ్వండి. మందు మారుస్తాను, ఆ దారి కూడా కడుగుతాను. అయినా నిలుస్తుందని ఒట్టు వెయ్యలేను."

"నీకు పంతం ఎక్కువలా ఉందే," అంది లెసియేలి.

"ఉందండీ. వాటికంటే కాస్త ఎక్కువే."

సెమీసీ అక్కవంక చూశాడు. అక్క సియాలేవంక చూసింది. "పన్ను దానిది. అదే చెప్పాలి."

"చెయ్యండి," అంది సియాలే.

లెసియేలి తన ముందున్న పందిమాంసంలో మంచి ముక్క కోసి, పళ్ళెంలో పెట్టి అతని ముందుకి తోసింది. ఆ ముక్క మామూలుగా పాదిరిగారికి దక్కేది.

*

ఈసారి కురుపు మూడో వారంలో అణిగింది. అణిగి మళ్ళీ లేవలేదు. చిగురు చిన్నపిల్లల చిగురులా గులాబిరంగుకి తిరిగింది. సితివేనీ వేరుని కొసదాకా, ఆ పక్కదారితో సహా, నింపి మూశాడు. పైన తెల్లటి తొడుగు పెట్టాడు.

"కార్నెట్ తెచ్చుకోమన్నాను, తెచ్చారా? ఊదండి."

"ఇక్కడా? బయట ఇరవైమంది కూర్చున్నారు."

"జనం ముందు తొడుగు కదిలితే నేనేం చెయ్యను? నా ముందే కదలాలి."

ఆరు వారాలు ఊదని పెదవి. మొదటి స్వరం పిల్లి అరిచినట్టు వచ్చింది. నర్సు చెవులు మూసుకుంది. సియాలే ఒక్కక్షణం ఆగి, తెల్లటి తొడుగు మీద మౌత్‌పీస్ సరిచూసుకుంది. ఈసారి స్వరం నిలబడింది. అక్కడినుంచి ఒక పాట ఎత్తుకుంది. కావాలనే ఎత్తుకుంది. కవా పోసే అమ్మాయి చేతివేళ్ళ పాట. ఆ రోజు ఫెలేతీ పెండలం తోటలో ఉన్నాడని ఆమెకి బాగా తెలుసు.

నడవాలో బుగ్గలు వాచిన జనం, దూది కరుచుకున్న జనం నిశ్శబ్దమైపోయారు. ఎవరో ముసలాయన దూది కరుచుకునే "మాలీయే" అని మెచ్చుకున్నాడు.

సితివేనీ వేలితో తొడుగు కదిపి చూశాడు. "కదల్లేదు," అన్నాడు. గొంతు మాత్రం కదిలింది.

"ఇది ఎవరికోసం వాయించానని అడగరా?"

అతను గ్లవ్స్ తీసి చెత్తబుట్టలో వేశాడు. "మీరు నా పేషెంటు. అడగకూడదు."

మహాసభ రోజు పై స్వరం ఎక్కడా చెదరలేదు. లెసియేలి ఆ వయసులో ఆనందం పట్టలేక జనం మధ్యలోంచి లేచి, విసనకర్ర ఊపుకుంటూ, బ్యాండు ముందు చిందులేసింది. "మా తమ్ముడి కూతురు," అని పక్కనున్న ప్రతివాళ్ళకీ చెప్పింది. తెలిసినవాళ్ళకీ చెప్పింది.

*

ఆర్నెల్లకి మళ్ళీ ఎక్స్‌రే తీశారు. సితివేనీ దాన్ని పాతదాని పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. బొప్పాయి గింజ లేదు. అది ఉన్నచోట తెల్లగా, వలలాగా ఎముక అల్లుకుంది.

"వచ్చింది," అన్నాడు. కిటికీవైపు తిరిగాడు.

"అయితే బంగారం పెట్టొచ్చా? మా అత్త వారానికోసారి అడుగుతోంది."

"పెట్టొచ్చు. కొలత తీయాలి."

"అంటే నేనిక పేషెంటుని కానా?"

"ఇంకో ఏడాది చూస్తూ ఉండాలండీ. పద్ధతి అది."

"ఏడాది." సియాలే రెండు ఎక్స్‌రేలనీ మార్చిమార్చి చూసింది. "పద్ధతి ప్రకారం ఆ ఏడాదీ మీరు నన్ను అడగకూడనివి ఎన్ని ఉన్నాయి?"

"ఒకటే ఉంది," అన్నాడు నెమ్మదిగా. "చాలా పెద్దది."

ఆమె సంచీ భుజాన వేసుకుని తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్ళింది. పక్కగదిలో పాతికేళ్ళుగా పళ్ళు చూస్తున్న డాక్టర్ అకనేసీ పేరు చెప్పి, తన కార్డు ఆవిడకి మార్చమంది. సితివేనీ గుమ్మం దాకా వచ్చాడు. తల తలుపుకి కొట్టుకుంది.

"నా పని నచ్చలేదా?"

"నచ్చింది. అందుకే," అంది సియాలే.

*

ఆ ఆదివారం పెండలం వేడివేడిగా ఉంది. అందరూ ఉన్నారు. కుర్చీలో లెసియేలి, చాప మీద సెమీసీ, లవీనియా, ఫెలేతీ.

"నేను డాక్టర్ని మార్చుకున్నాను," అంది సియాలే దుంప తొక్క తీస్తూ.

సెమీసీ నోటి దగ్గర ముద్ద ఆగింది. "ఎందుకే? ఆ అబ్బాయి హస్తవాసి మంచిదే కదా. పన్ను నిలబెట్టాడు."

"నిలబెట్టారు నాన్నా. చాలా మంచిది హస్తవాసి. ఇకనుంచి నా పళ్ళు అకనేసీ గారు చూస్తారు. సితివేనీ గారికి నేనిక పేషెంటుని కాను."

అంతే. ఇంకొక్క మాట లేదు. అందులో తప్పుపట్టడానికి ఒక్క మాట లేదు. కానీ లవీనియా చెయ్యి కొబ్బరిపాల గిన్నె మీదే ఆగిపోయింది. ఆవిడ కళ్ళు భయంగా కొడుకువైపు వెళ్ళాయి. సెమీసీ కళ్ళూ అటే వెళ్ళాయి.

"మరి నా బంగారం ఎవరు పెడతారు?" అంది లెసియేలి.

"అకనేసీ గారు పెడతారు అత్తా. సరైన కొలతతో."

లెసియేలి మేనకోడల్ని తేరిపార చూసింది. రెండు బంగారు పళ్ళూ నెమ్మదిగా బయటికొచ్చాయి.

ఫెలేతీ తలెత్తలేదు. నోట్లోది నమిలి మింగాడు. చేతులు తుడుచుకున్నాడు.

"వచ్చే శుక్రవారం సాయంత్రం తోటలో నాకు పనుంది," అన్నాడు తన పళ్ళెంతో. "ఆ రాత్రికి బాబాయి వాళ్ళింట్లోనే పడుకుంటాను. శనివారం పొద్దెక్కాక వస్తాను."

అని, లేచి వెళ్ళలేదు. చెయ్యి చాపి ఇంకో దుంప తీసుకున్నాడు.